పాత జనగణన, పట్వారీ దస్త్రం: ఓరుగల్లు ప్రాంతంలో పూర్వీకుల జాడ తీయడం ఎలా

ముత్తాత పేరు వరకు చాలా ఇళ్లలో చెబుతారు. అంతకు పై తరం గురించి అడిగితే "ఎవరో పెద్దలు, ఎక్కడి నుంచో వచ్చారు" అని ఊరుకుంటారు. ఆ పెద్దల పేర్లేమిటి, వాళ్లు వచ్చిన ఊరేది అని తేల్చుకోవాలనుకునేవారి కోసం ఇది రాస్తున్నాను. ఉమ్మడి వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్, నిజామాబాద్ జిల్లాల కుటుంబాలను దృష్టిలో పెట్టుకున్నాను. నిజాం ఏలుబడిలో ఉన్న నేల కాబట్టి ఇక్కడి కాగితాల తీరు కోస్తా జిల్లాల తీరు కంటే వేరు.

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. విదేశాల్లో స్థిరపడిన బంధువులు "జనగణన పట్టికల్లో వెతికితే పేరు దొరుకుతుంది" అంటారు. వాళ్లున్న చోట అది నిజమే. అమెరికాలో 72 ఏళ్లు గడిచాక ఇంటింటి పట్టికలను బయటపెడతారు. 1950 నాటివి 2022లో వచ్చాయి. ఇంగ్లండులో 1921 నాటివి కూడా ఆ ఏడాదే వచ్చాయి. మన దేశంలో 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఇంటి వివరాలు రహస్యం. ఎన్నేళ్లు గడిచినా ఎవరికీ చూపరు. ఆ చట్టానికి ముందు రాసిన చీటీలను కూడికలు పూర్తయ్యాక దాచిపెట్టే ఆనవాయితీ లేదు. కాబట్టి 1931 లెక్కల్లో మీ ముత్తాత పేరు కోసం వెతికి సమయం పోగొట్టుకోకండి.

మరి జనగణన ఎందుకు? అది మీకు ఊరిని చూపిస్తుంది. ఆ ఊరు అప్పట్లో ఏ తాలూకా, ఏ జిల్లా, ఎంత పెద్దది, అక్కడివాళ్లు ఏ పని చేసి బతికేవారు, ఏ దశాబ్దంలో జనం పలచబడ్డారు అన్నవన్నీ ఆ సంపుటాల్లో ఉన్నాయి. మనుషుల పేర్లు పట్వారీ (ఊరి భూమి లెక్కలు రాసే ఉద్యోగి) దస్త్రాల్లో ఉన్నాయి. ఊరి జాడ సరిగా తెలియకపోతే ఏ కచేరీలో ఏ కట్ట విప్పాలో తెలియదు. అందుకే ఈ రెండింటినీ కలిపి చదవాలి.

ఇంట్లో మొదలుపెట్టండి

ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. "మీరు ఏ సంవత్సరంలో పుట్టారు" అని అడిగితే జవాబు రాదు. సంఘటనను పట్టుకుని అడగాలి. "తాతా, పోలీసు చర్య నాటికి నువ్వు పశువులు కాస్తున్నావా, అరక కడుతున్నావా?" అని అడిగి చూడండి. పోలీసు చర్య జరిగింది 1948 సెప్టెంబరులో. పశువులు కాస్తున్నానంటే అప్పటికి ఎనిమిది నుంచి పన్నెండేళ్లు, అరక కడుతున్నానంటే పదహారు దాటి ఉంటాయి. "నాయనమ్మా, రజాకార్ల కాలానికి నీకు పెళ్లయిందా? అప్పుడు పుట్టింట్లో ఉన్నావా, అత్తగారింట్లో ఉన్నావా?" అంటే ఒక పెళ్లి సంవత్సరం, రెండు ఊళ్లు ఒకేసారి బయటికొస్తాయి. గోదావరి ఒడ్డు ఊళ్లవాళ్లకు 1986 వరద ఇంకో గుర్తు.

ఇంటిపేరు, గోత్రం అందరూ రాసుకుంటారు. వాటికంటే ఎక్కువ ఉపయోగపడే ప్రశ్న ఒకటుంది: ఇలవేల్పుకు మొక్కు చెల్లించడానికి మీ ఇంటివాళ్లు ఏ ఊరు వెళ్తారు? కుటుంబం ఊరు మారినా ఇంటి దేవత చాలా సార్లు పాత ఊళ్లోనే ఉండిపోతుంది. మూడు తరాల కిందట వదిలిన ఊరికి ఇప్పటికీ ఏటా వెళ్లి బోనం పెట్టి వచ్చే కుటుంబాలున్నాయి. అది తమ మూలగ్రామమని వాళ్లలో కొందరికి తెలియదు. పిల్లనిచ్చిన ఊళ్లు, తెచ్చుకున్న ఊళ్లు కూడా రాసుకోండి.

తర్వాత సందూకు (పాత పెట్టె) తెరవండి. శిస్తు కట్టిన రసీదులు, నిజాం కాలపు స్టాంపు కాగితాలు, ప్రామిసరీ నోట్లు, బడి సర్టిఫికెట్లు, ఆజంజాహీ మిల్లులోనో సింగరేణి గనుల్లోనో చేసినవాళ్ల ఉద్యోగపు కాగితాలు, ఏవి దొరికితే అవి. ప్రతిదాన్నీ రెండు వైపులా ఫోటో తీయండి. వెనుక వైపు రాసిన చిన్న గీతల్లోనే సర్వే నంబరు దొరికే అవకాశం ఎక్కువ.

ఊరు అప్పుడు ఏ జిల్లాలో ఉండేది?

ఎక్కువమంది దారి తప్పేది ఇక్కడే. ఇప్పటి జిల్లా పేరుతో పాత సంపుటంలో వెతికితే ఊరు కనబడదు. 1905 వరకు కరీంనగర్ జిల్లా పేరు ఎలగందుల. నిజామాబాద్ ఇందూరు. మహబూబాబాద్‌ను పెద్దవాళ్లు ఇప్పటికీ మానుకోట అంటారు. ఖమ్మం 1953 వరకు వరంగల్ జిల్లాలో భాగం. జనగామ అప్పటిదాకా నల్లగొండలో ఉండి తర్వాత వరంగల్‌లో కలిసింది, ఇప్పుడు సొంతంగా జిల్లా అయింది. పరకాల 1951 లెక్కల్లో కరీంనగర్ కింద ఉంటుంది. చేర్యాల 2016 దాకా వరంగల్‌లో ఉండేది, ఇప్పుడు సిద్దిపేటలో ఉంది. వందేళ్ల కిందటి సంపుటాల్లో పాఖాల్ పేరుతో ఒక తాలూకాయే ఉంది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2016 అక్టోబరు 11న పది జిల్లాలు ముప్పై ఒకటయ్యాయి. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ వరంగల్ అయింది.

ఒక కాగితం మీద మీ ఊరి పేరు రాసి, దాని పక్కన 1905కు ముందు, 1951లో, 1985 తర్వాత, 2016 తర్వాత అని నాలుగు గడులు గీసి నింపండి. ఈ కాగితం చివరి దాకా మీ చేతిలో ఉండాలి. కచేరీలో "ఏ జిల్లా?" అని అడిగినప్పుడు మీరు చెప్పాల్సింది కాగితం పుట్టిన నాటి జిల్లా. కొత్త జిల్లాకు మారిన గ్రామాల పాత దస్త్రాలు ఇంకా పాత జిల్లా కేంద్రంలోనే ఉండి ఉండవచ్చు.

ఒకే పేరుతో ఊళ్లు చాలా ఉంటాయి. వెంకటాపూర్, రామన్నగూడెం లాంటి పేర్లయితే పక్క ఊళ్ల పేర్లు కూడా కలిపి వెతకాలి. మీ ఊరు అసలు పెద్ద గ్రామానికి శివారుగా, మజరాగా ఉండి ఉంటే జాబితాలో విడిగా కనబడదు. పెద్ద గ్రామం పేరు కింద చూడాలి. పేరు ఎదురుగా "బేచిరాగ్" అని ఉంటే ఆ లెక్క నాటికి అక్కడ ఎవరూ కాపురం లేరని అర్థం. మీ కుటుంబం వదిలి వచ్చిన ఊరు అదే అయితే, ఎప్పుడు ఖాళీ అయిందో రెండు లెక్కల మధ్య తేలిపోతుంది.

జనగణన సంపుటాలు చదివే పద్ధతి

హైదరాబాద్ సంస్థానంలో 1881 నుంచి 1941 వరకు పదేళ్లకొకసారి లెక్కలు తీశారు. అప్పటి సంపుటాలు ఇంగ్లీషులో ఉన్నాయి. భారత జనగణన శాఖ వెబ్‌సైటులోని డిజిటల్ లైబ్రరీలో ఉచితంగా దింపుకోవచ్చు. వెతికేటప్పుడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అని కాకుండా హైదరాబాద్ సంస్థానం అని చూడండి.

ఊరి స్థాయిలో మొదట తెరవవలసింది 1951 నాటి డిస్ట్రిక్ట్ సెన్సస్ హ్యాండ్‌బుక్. అందులో గ్రామాల వారీగా జనాభా ఉంటుంది. జీవనాధారాన్ని ఎనిమిది తరగతులుగా విడదీశారు: సొంత భూమి దున్నేవారు, ఇతరుల భూమి దున్నేవారు, వ్యవసాయ కూలీలు, కౌలు మీద బతికే భూస్వాములు అని నాలుగు, వ్యవసాయేతర వృత్తులకు నాలుగు. మీ ఊళ్లో సొంత భూమి దున్నేవారు తక్కువ, కూలీలు ఎక్కువ అని కనబడితే, మీ వాళ్ల పేరు పట్టాదారు గడిలో దొరకకపోవచ్చని ముందే తెలుస్తుంది. అప్పుడు వెతుకులాట ఇంకో దారిన సాగాలి. ఆ దారి కింద చెబుతాను.

1931 వరకు సంపుటాల్లో కులాల వారీ, వృత్తుల వారీ పట్టికలున్నాయి. మీ కులం పేరు ఇప్పుడు వాడుతున్న రూపంలో ఉండకపోవచ్చు. ముదిరాజులు ముత్రాసి కింద, గౌడులు గౌండ్ల కింద, పద్మశాలీలు సాలె కింద ఉంటారు. పుట్టిన చోటును చెప్పే పట్టికలు కూడా చూడండి. మగ్గం పని వెతుక్కుంటూ షోలాపూర్, భీవండి వెళ్లిన కుటుంబాలవారు బొంబాయి రాష్ట్రపు సంపుటాల్లో హైదరాబాద్ సంస్థానంలో పుట్టినవారి సంఖ్య చూస్తే, ఆ వలస ఏ దశాబ్దంలో బలంగా సాగిందో అంచనాకొస్తుంది.

ఒక దశాబ్దం మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టండి. 1911లో సంస్థానపు జనాభా 1,33,74,676. 1921లో 1,24,71,770. పదేళ్లలో జనం పెరగాల్సింది పోయి తొమ్మిది లక్షలు తగ్గారు. 1918 ఇన్‌ఫ్లుయెంజా చేసిన నష్టం ఇందులో పెద్దది. మీ వంశవృక్షంలో ఆ కాలంలో ఒక కొమ్మ ఉన్నట్టుండి ఆగిపోయినా, చిన్న పిల్లలు మేనమామ ఇంట పెరిగారని విన్నా, కారణం అక్కడ ఉండవచ్చు. అంకెలను ఇలా ఇంటి కథ పక్కన పెట్టి చదివినప్పుడే వాటికి ప్రాణం వస్తుంది.

పేర్లు దొరికే చోటు: పహాణీ

ఇక అసలు పని. మన ప్రాంతంలో వంశం వెతికేవారికి అన్నిటికంటే విలువైన కాగితం 1954-55 నాటి ఖాస్రా పహాణీ. ప్రతి సర్వే నంబరుకూ పట్టాదారు ఎవరు, నిజంగా సాగు చేస్తున్నది ఎవరు అని విడివిడిగా రాసిన దస్త్రం అది. దాని తర్వాతిది 1955-58 నాటి సేసాలా పహాణీ. వెనక్కి వెళ్తే వసూల్ బాకీ (శిస్తు వసూలు, బకాయిల లెక్క), ఫైసల్ పట్టీ (పట్టాల్లో మార్పుల లెక్క), ఇంకా వెనక్కి వెళ్తే భూమి కొలిచి శిస్తు నిర్ణయించిన సర్వే బందోబస్తు నాటి మూల దస్త్రం సేత్వార్. ఖాస్రా పహాణీ నుంచి వెనక్కి నడవడం సులువు. సేత్వార్ నుంచి ముందుకు రావడం కష్టం.

నకళ్ల కోసం తహసీల్దారు కార్యాలయంలోనో మీసేవలోనో అడగండి. సేత్వార్, టిప్పన్ లాంటి కొలతల కాగితాలు జిల్లా సర్వే, భూ రికార్డుల కార్యాలయంలో ఉంటాయి. దస్త్రం ఉందో లేదో కూడా చెప్పకుండా తిప్పుతుంటే, గ్రామం, సర్వే నంబరు, సంవత్సరం స్పష్టంగా రాసి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆన్‌లైన్ భూ రికార్డులైన ధరణి గానీ, దాని స్థానంలో 2025లో వచ్చిన భూభారతి గానీ నేటి హక్కుల కోసం ఉన్నవి. తాతల తరం వాటిలో కనబడదు.

ఒక వరుసను దగ్గరగా చదువుదాం. ఇది నేను ఊహించి రాసిన వరుస, కానీ తీరు ఇలాగే ఉంటుంది. సర్వే నంబరు 112, విస్తీర్ణం 2 ఎకరాల 14 గుంటలు, ఖుష్కీ. పట్టాదారు గడిలో "మల్లయ్య వల్ద్ కొమురయ్య". ఖాబిజ్ (సాగులో ఉన్నవారి) గడిలో "రాజయ్య వల్ద్ మల్లయ్య". ఖుష్కీ అంటే మెట్ట, తరీ అంటే మాగాణి. వల్ద్ పక్కన ఉన్నది తండ్రి పేరు. భూమి అనుభవిస్తున్న రాజయ్య, పట్టా పేరున్న మల్లయ్య, ఆయన తండ్రి కొమురయ్య: ఒక్క వరుసలో మూడు తరాలు. రాజయ్యకు అప్పటికి నలభై ఏళ్లనుకుంటే 1914 ప్రాంతంలో పుట్టాడు. మల్లయ్య 1890 అటూ ఇటూ, కొమురయ్య 1865 అటూ ఇటూ. మల్లయ్య అప్పటికే చనిపోయి, పట్టా మారకుండా ఉండి ఉండవచ్చు. అది తేలాలంటే విరాసత్ దస్త్రం చూడాలి. పట్టాదారు చనిపోయాక వారసులకు మార్పిడి చేసిన కాగితం అది. వారసులందరి పేర్లూ, చుట్టరికమూ వరుసగా ఉంటాయి కాబట్టి వంశవృక్షానికి దానిని మించిన ఆధారం లేదు.

జాగ్రత్త ఒకటుంది. పెద్ద మనవడికి తాత పేరు పెట్టే ఆచారం వల్ల మల్లయ్య కొడుకు కొమురయ్య, కొమురయ్య కొడుకు మల్లయ్య అని పేర్లు తిరిగి తిరిగి వస్తాయి. పేరు ఒక్కటే చూసి "మా వాళ్లే" అనుకోకండి. చుట్టుపక్కల సర్వే నంబర్లు కూడా తీయించండి. అన్నదమ్ములు పంచుకున్న భూమి 112/అ, 112/ఆ అని పక్కపక్కనే ఉంటుంది. పాలోళ్ల (దాయాదుల) పేర్లు సరిపోతే మనిషి దొరికినట్టే.

నిజాం కాలపు దస్త్రాలు ఎక్కువగా ఉర్దూలో ఉంటాయి. చదివేవారిని వెతుక్కోవాలి, రెవెన్యూ శాఖలో చేసి రిటైరైన పెద్దలు గొలుసుకట్టు రాతను కూడా చదవగలరు. ఉర్దూలో పొట్టి అచ్చులు రాయరు కాబట్టి తెలుగు పేర్లు అటూ ఇటూ అవుతాయి. మీ కుటుంబపు పేర్ల జాబితా ముందే ఇచ్చి పోల్చమనండి. వల్ద్‌తో పాటు జౌజా అంటే భార్య, బేవా అంటే వితంతువు, ఫౌత్ అంటే చనిపోయారు, సాకిన్ అంటే ఫలానా ఊరి నివాసి అని గుర్తుంచుకోండి. సాకిన్ పక్కన వేరే ఊరి పేరుంటే మీ మూలగ్రామం అదే కావచ్చు.

సంవత్సరాలు ఫసలీలో ఉంటాయి. 590 కలిపితే క్రీస్తు శకం వస్తుంది: 1340 ఫసలీ అంటే 1930-31. హైదరాబాద్ ఫసలీ ఆజుర్ నెలతో, అక్టోబరులో మొదలయ్యేది కాబట్టి ఒకే ఫసలీ రెండు సంవత్సరాల మీద పరుచుకుంటుంది.

మీ ఊరు దివానీదా (సర్కారుది), జాగీరుదా, సర్ఫేఖాస్‌దా (నిజాం సొంతానిది) అని కూడా కనుక్కోండి. 1949లో జాగీర్లు రద్దయ్యేవరకు జాగీరు ఊళ్ల లెక్కలు జాగీరుదారుల చేతుల్లో ఉండేవి. అలాంటి ఊళ్లకు పాత కాగితాలు తాలూకాలో దొరకకపోతే తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో అడగాలి.

నకళ్లకు దరఖాస్తు పెట్టే ముందు పాలోళ్లకు, మేనత్తలకు ఒక మాట చెప్పండి. ఇన్నాళ్లకు ఎవరో పాత పహాణీ తీయిస్తున్నారని తెలిస్తే భూమి తగాదా వస్తోందని గుండెలు జారిపోతాయి. సంగతి ముందే తెలిస్తే వాళ్లే సందూకులు తెరిచి కాగితాలు తెచ్చిస్తారు.

భూమి లేనివారి పెద్దలు

పహాణీ చుట్టూనే తిరిగితే ఊళ్లో సగం మందికి పూర్వీకులే లేనట్టు కనబడుతుంది. వెట్టి చేసినవారు, పాలేర్లు, చేతివృత్తులవారు పట్టాదారు గడిలో ఉండరు. వాళ్ల చెమటతో పండిన భూమి దస్త్రంలో వాళ్ల పేరు లేకపోవడం కంటే పెద్ద అన్యాయం నాకు కనబడదు. అందుకే ఇక్కడ రెట్టింపు ఓపికతో వెతకాలి.

ముందు ఖాబిజ్ గడి చూడండి. తర్వాత 1950 కౌలుదారీ చట్టం కింద తయారైన రక్షిత కౌలుదారుల రిజిస్టరు. పేరు, తండ్రి పేరు, దున్నిన సర్వే నంబరు అందులో ఉంటాయి. బడి అడ్మిషన్ రిజిస్టరులో తండ్రి పేరు, కులం దొరుకుతాయి. కానీ జూన్, జూలైల్లో పుట్టినట్టున్న తేదీలు చాలావరకు బడిలో చేర్చుకున్న పంతులు వేసినవి. సంవత్సరాన్ని కూడా అంచనాగానే తీసుకోండి. క్రైస్తవ కుటుంబాలకు చర్చి బాప్తిస్మ రిజిస్టర్లు గొప్ప ఆధారం. హనుమకొండలో అమెరికన్ బాప్టిస్టు మిషను 1879 నుంచి ఉంది. డోర్నకల్ 1912 నుంచి బిషప్ కేంద్రం. ముస్లిం కుటుంబాలు ఖాజీ దగ్గరి నికా సియాహాలో (పెళ్లిళ్ల రిజిస్టరులో) వధూవరుల తండ్రుల పేర్లు చూడవచ్చు.

నోటిమాటగా నిలిచిన దస్త్రం ఇంకొకటి ఉంది. రెడ్లకు, గొల్లలకు పిచ్చకుంట్ల వారు, పద్మశాలీలకు కూనపులి వారు, ముదిరాజులకు కాకిపడగల వారు, మాదిగలకు డక్కలి వారు తరతరాలుగా కులపురాణం చెబుతూ వస్తున్నారు. ఆదిలాబాద్ గోండులకు ప్రధాన్లు, ములుగు వైపు కోయలకు డోలి వారు ఉన్నారు. వీళ్లలో కొందరు చేర్యాల నకాశీ పటం విప్పి కథ చెబుతారు. ఈ కళాకారులు మీ ఊరికి వచ్చినప్పుడు గోత్రం, ఇంటిపేరు చెప్పి మీ వంశం వాళ్లకు ఎంతవరకు తెలుసో అడగండి, అనుమతితో రికార్డు చేయండి, ఇవ్వాల్సింది గౌరవంగా ఇవ్వండి. వంశావళి పై భాగం పురాణం. కింది నాలుగైదు తరాల్లో వచ్చే పేర్లను మీ దగ్గరున్న కాగితాలతో పోల్చి చూడండి.

ఆడవాళ్ల జాడ కోసం అత్తగారి ఊరి దస్త్రాలు చాలవు. పుట్టింటి ఊరి విరాసత్, పసుపు కుంకుమల కింద రాసిచ్చిన భూమి కాగితం, బాప్తిస్మ రిజిస్టరు చూడండి. నాయనమ్మ తల్లి పేరు ఇప్పుడే అడిగి రాసుకోండి. చాలా ఇళ్లలో అది ఆవిడకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

రాసి పెట్టుకోవడం

ప్రతి పేరు కింద అది ఎక్కడ దొరికిందో రాయండి: ఏ పహాణీ, ఏ ఫసలీ, ఏ సర్వే నంబరు, లేదా ఎవరు చెప్పారు, ఏ రోజున. రెండు వేర్వేరు ఆధారాలు కలిసిన పేరును సిరాతో, ఒక్క ఆధారమే ఉన్నదాన్ని పెన్సిలుతో రాస్తే తర్వాత చూసేవారికి తేడా తెలుస్తుంది. బతికున్నవారి భూమి వివరాలు, పుట్టిన తేదీలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి.

వంశవృక్షం ఒక రూపానికి వచ్చాక ఇంట్లో పెద్దవాళ్లకు పేరు పేరునా చదివి వినిపించండి. తప్పు వరుసలో చదివితే వాళ్లే ఆపి సరిచేస్తారు. ఆ సవరణను కూడా తేదీతో సహా పక్కనే రాసి, ఆ పేరు కోసం మళ్లీ ఒకసారి పహాణీ తిరగేయండి.